కామయ్య కింద పడకూడదు

కర్రసాము కామయ్య తెలియదని ఎవరైనా అంటే, వాళ్లు ఆ రోజుల్లో పుట్టనైనా ఉండరు, వాళ్లింట్లో టీవీ అయినా ఉండి ఉండదు. ఆదివారం పొద్దున్నే వీధులకు వీధులు ఖాళీ చేయించిన మనిషి ఆయన. మొదట వారపత్రికలో బొమ్మల కథగా వచ్చాడు. ఆ తర్వాత రేడియో నాటకమయ్యాడు, ఆ పైన టీవీ సీరియల్. తలపాగా, కోరమీసం, చేతిలో వెదురుకర్ర. ఎదురుగా కంబళి మాంత్రికుడు. ప్రతి వారం మాంత్రికుడు కంబళి విదిలిస్తాడు, కామయ్య కర్ర తిప్పుతాడు, మాంత్రికుడు "వచ్చే వారం చెప్తా నీ పని" అంటూ పారిపోతాడు. వచ్చే వారం కూడా పారిపోతాడు. అదంతే.

ఈ కామయ్య మీద సర్వహక్కులూ రాష్ట్ర బాల వినోద వికాస సంస్థవి. సీరియల్ ఆగిపోయాక సంస్థవారు ఆయన్ని ఒక బీరువాలో పెట్టి తాళం వేసి, ఆ తాళం ఎక్కడ పెట్టారో మర్చిపోయి హాయిగా ఉన్నారు.

ఆ బీరువా తలుపు తట్టింది కాకినాడ అమ్మాయి గుత్తుల సంపూర్ణ.

సంపూర్ణ, ఆమె స్నేహితుడు జోయెల్ కలిసి జగన్నాథపురంలో ఒక సోడాకొట్టు మేడ మీద గదిలో ఫోన్లలో ఆడుకునే ఆట ఒకటి తయారుచేశారు. ఆట రాసింది ఆమె, దరువులు కట్టింది అతను. జోయెల్ ఆదివారాలు చర్చిలో డోలక్ వాయిస్తాడు. ఆట పేరు 'తకధిమి తగాదా'. డప్పు మోగుతూ ఉంటుంది. దరువు పడ్డప్పుడల్లా తెర మీద వేలు వేస్తే మన మనిషి ఎదుటివాణ్ని కొడతాడు. దరువు తప్పితే ఎదుటివాడు మనల్ని కొడతాడు. అంతకన్నా అందులో ఏమీ లేదు. కాలేజీ పిల్లలు క్లాసుల్లో బెంచీల కింద పెట్టి ఆడారు, లెక్చరర్లు ఆ ఫోన్లు లాక్కుని స్టాఫ్ రూముల్లో ఆడారు.

అది కాస్త నిలదొక్కుకోగానే సంపూర్ణకు చిన్ననాటి కోరిక ఒకటి తలెత్తింది. ఆమె చిన్నప్పుడు చీపురుకట్ట తిప్పుతూ కామయ్యలా గెంతి, అరుగు మీంచి పడి, పన్ను విరగ్గొట్టుకున్న పిల్ల. తన ఆటలోకి ఆ కామయ్యని తీసుకురావాలి. సంస్థ ఆఫీసు చుట్టూ ఏడాదిపాటు తిరిగి ఒప్పందం మీద సంతకం చేసింది. అందులో చివరి షరతు ఇది: అభిమానుల మనోభావాల విషయంలో సంస్థదే తుది నిర్ణయం, కాదంటే 'తకధిమి తగాదా' కూడా సంస్థపరమవుతుంది. మనోభావాలదేముంది, అందరికీ కామయ్యంటే ఇష్టమేగా అనుకుంది సంపూర్ణ.

ఉగాది నాడు చిన్న టీజర్ వదిలారు. డప్పు మోగుతుంది. కామయ్య కర్ర తిప్పుతాడు. చివర్లో ఒక్క దరువు తప్పుతాడు. కర్ర జారుతుంది, కామయ్య వెల్లకిలా పడతాడు, తలపాగా దొర్లుకుంటూ పోతుంది. ఆ పడటానికి జోయెల్ ఎంతో మురిపెంగా 'దభీ' మని ఒక చప్పుడు కట్టాడు.

సాయంత్రానికి జనం విరగబడ్డారు. నవ్వినవాళ్లున్నారు, ఏడ్చినవాళ్లున్నారు, మా నాన్నకి చూపించానండీ అని రాసినవాళ్లున్నారు. రాత్రి భోజనాల వేళకి 'కామయ్య సేన' అనే అభిమాన సంఘం నుంచి ఒక కామెంట్ వచ్చింది. "ఏం? కామయ్య కింద పడతాడా?"

తెల్లారేసరికి రాష్ట్రం రెండుగా చీలింది.

*

సంస్థ కార్యనిర్వాహక సంచాలకులు గోటేటి విశ్వపతిరావు గారు విజయవాడ ఆఫీసులో సంపూర్ణను కూర్చోబెట్టి, ముందు మంచినీళ్లు ఇప్పించారు. మంచినీళ్లు ఇప్పించారంటే విషయం పెద్దదేనని ఆమెకు అర్థమైంది.

"చూడమ్మా, మన సంస్థ ఈ సంవత్సరం నుంచి నొప్పిలేని వినోద విధానాన్ని అమలు చేయుచున్నది. పౌరుడి ప్రతి స్పందనా వినతిపత్రమే. ప్రతి వినతికీ పరిష్కారం చూపవలెను. ఏ ఒక్కరి మనసూ నొప్పించరాదు."

"కామెంట్లన్నీ వినతిపత్రాలేనాండి?"

"అన్నీనూ. మార్కండేయులు గారూ, చదవండి."

ఉపసంచాలకులు మార్కండేయులు గారు కళ్లజోడు సవరించుకుని, శాసనసభలో ప్రశ్నోత్తరాలు చదివినట్టు చదివారు.

"'ఓరి మీ దుంప తెగ, ఏం తీశార్రా!' సదరు వ్యాఖ్య తిట్టు రూపంలో ఉన్న ప్రశంసగా గుర్తించడమైనది. దుంప తెగనవసరం లేదు. 'హహహ.' అభిప్రాయం అస్పష్టం, న్యాయసలహాకు పంపడమైనది. తర్వాతది నవ్వుతూ ఏడుస్తున్న మొహం బొమ్మ. అవి ఆనందబాష్పాలా ఆవేదనా అనే విషయమై కంటి డాక్టరు అభిప్రాయం కోరడమైనది."

"వీటన్నిటి సారాంశం ఒకటేనమ్మా," అన్నారు విశ్వపతిరావు గారు. "కామయ్య కింద పడరాదు."

"తాళం తప్పితే మరి ఏమవ్వాలండి?"

"తప్పరాదు."

"ఆడేవాళ్లు తప్పుతారండి. మనుషులు కదండీ."

"ఆడేవాళ్లు తప్పవచ్చును. కామయ్య తప్పరాదు."

"ఆడేవాళ్లు వేలు వేస్తేనే కదండీ కామయ్య కొట్టేది?"

విశ్వపతిరావు గారు ఫ్యాను వంక చూసి ఆలోచించారు. "అయితే తాళమే సర్దుకోవాలి. ప్రజాస్వామ్యంలో తాళం ప్రజల వెనక నడవాలి గానీ ప్రజలు తాళం వెనక నడవడమేమిటి?"

సంపూర్ణ కాకినాడ వెళ్లి ఈ మాట జోయెల్‌కి చెప్పింది.

"మా పాస్టరు గారు పాట ఎత్తుకుంటే ఎటు పోతారో ఆయనకే తెలీదు. ఎటు పోతే అటు డోలక్ పట్టుకుని పరిగెడతాన్నేను. ఇక్కడా అదేనా?" అన్నాడు.

అదే అయింది. ఆడేవాళ్లు ఎప్పుడు వేలు వేస్తే అప్పుడే దరువు పడేటట్టు ఆటను మార్చారు. వేలు వేయకపోతే డప్పు కూడా చేతులు కట్టుకుని ఎదురుచూస్తుంది.

*

ఆ సంగతి పొక్కగానే రెండో వర్గం లేచింది. కంబళి మాంత్రికుడికీ అభిమానులున్నారని సంపూర్ణకు అప్పటిదాకా తెలియదు. వాళ్లు రోహిణీ కార్తె ఎండలో, విజయవాడలో, కంబళ్లు కప్పుకుని సంస్థ ఆఫీసు ముందు బైఠాయించారు. "అన్నేళ్లు ఓడిపోయాం! ఇంక ఓడిపోం!" అని అరిచారు. మధ్యాహ్నానికి ఇద్దరు సొమ్మసిల్లారు. మిగతావాళ్లు సొమ్మసిల్లేలోగా విశ్వపతిరావు గారు బయటికొచ్చి ఉత్తర్వు చదివారు.

"అభిమానం ఎవరిదైనా అభిమానమే. మాంత్రికుడికి కూడా ఎట్టి దెబ్బయూ తగలరాదు."

"మరి కామయ్య ఎవర్ని కొట్టాలండి?" అంది సంపూర్ణ.

"గాలిని కొట్టవచ్చును. గాలికి అభిమానులు లేరు."

మూడోవాళ్లు సంపూర్ణ సొంతవాళ్లే, 'తకధిమి తగాదా' పాత ఆటగాళ్లు. "ఇదేం ఆటండీ, మా మూడేళ్ల బుడ్డోడు కూడా గెలిచేస్తున్నాడు. కష్టంగా ఉండాలి" అని రాశారు. ఆ మాట చూసి సంపూర్ణ ప్రాణం లేచొచ్చింది. ఇక మళ్లీ మొదటికి రావచ్చనుకుంది. సంస్థ నుంచి ఉత్తర్వు వచ్చింది: ఆట మిక్కిలి కష్టముగా ఉండవలెను, అయితే ఎవరూ ఓడిపోరాదు.

ఆఖరున పాట దగ్గరకొచ్చింది వ్యవహారం. సీరియల్ పాత పాట పెట్టాల్సిందేనని సగంమంది, ఆ పాట ముట్టుకుంటే ఊరుకోమని సగంమంది. సంస్థ ఇద్దర్నీ గౌరవించింది. పాట ఉండవలెను, వినపడరాదు.

సంపూర్ణ ఏడవలేదు గాని, ఏడ్చినంత పని చేసింది. ఒప్పందం కాదంటే ఉన్న ఆట కూడా పోతుంది. కూర్చుని, సంస్థ చెప్పిందంతా చెప్పినట్టు చేసింది. పూర్తయ్యాక జోయెల్‌కి చూపించింది. తెర మీద కామయ్య ఒక పక్క, మాంత్రికుడు ఒక పక్క నిలబడి ఉన్నారు. చప్పుడు లేదు. ఎవరూ ఎవర్నీ కొట్టరు. కష్టం ఏమిటంటే, అసలు ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

జోయెల్ తల అటూ ఇటూ తిప్పి చూశాడు. "బానే ఉంది. ఇద్దరూ అమలాపురం బస్సు కోసం నిలబడ్డట్టున్నారు."

"నవ్వకురా."

"నవ్వట్లేదు. అరుగు మీంచి పడి పన్ను ఊడగొట్టుకున్నానన్నావే, ఆ తర్వాత కర్ర మానేశావా?"

"ఎందుకు మానేస్తాను? మర్నాడు మళ్లీ ఎక్కాను. పడకుండా తిప్పొచ్చని అమ్మకి చూపించాలిగా."

"మరి ఆడేవాళ్లకి ఆ మర్నాడు లేకుండా చేశాం కదే."

సంపూర్ణ ఫోన్ బోర్లించి పెట్టింది.

విశ్వపతిరావు గారికి మాత్రం ఆట ఎంతో నచ్చింది. "ఎవరికీ నొప్పి లేదు," అన్నారు తృప్తిగా.

"ఎవరికీ ఆట కూడా లేదండి."

"నొప్పి ముందు చూసుకోవాలమ్మా. ఆట నెమ్మదిగా వస్తుంది."

ఇక విడుదలకు సంతకం పెట్టబోతుండగా మార్కండేయులు గారు హడావుడిగా లోపలికి వచ్చారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సార్, ఒక వినతి మిగిలిపోయింది. టీజర్ నాటిది. తునిలో ఫోటో స్టూడియో నడిపే యెల్లమిల్లి నాగభూషణం గారు. మన టీజర్ చూసి చనిపోయినట్టు స్వయంగా రాశారు."

స్వయంగా అన్న మాట దగ్గర సంపూర్ణ ఏదో అనబోయింది గాని, విశ్వపతిరావు గారు అప్పటికే లేచి నిలబడ్డారు. అందరూ నిలబడ్డారు. రెండు నిమిషాలు మౌనం పాటించారు. సంతాప తీర్మానం అక్కడికక్కడే ఆమోదించారు. మరణం టీజర్ వల్ల సంభవించింది కనుక, మార్కండేయులు గారితోపాటు సంపూర్ణ కూడా తుని వెళ్లి కుటుంబాన్ని పరామర్శించాలని ఆజ్ఞ.

*

తుని బస్టాండు వెనక సందులో స్టూడియో. పైన ఇల్లు. సంపూర్ణ చేతిలో బంతిపూల దండ. మార్కండేయులు గారి చేతిలో ఫ్రేము కట్టిన ఫోటో. నాగభూషణం గారు కామెంటు పక్కన పెట్టుకున్న ఫోటోనే సంస్థవారు పెద్దది చేయించారు.

తలుపు తీసింది ఆయన భార్య. దండ చూసింది, ఫోటో చూసింది, మార్కండేయులు గారు చెప్పింది ఓపిగ్గా వింది. తర్వాత లోపలికి తిరిగి కేకేసింది.

"ఏవండోయ్! మీరు పోయారంటండి! పరామర్శకొచ్చారు!"

"ఎవరూ?" అంటూ నాగభూషణం గారు లుంగీ సర్దుకుంటూ వచ్చారు. చేతిలో సగం తిన్న పెసరట్టు. ముందుగా ఆయన చూపు ఫ్రేము మీద పడింది. "ఇది నాదే కదండీ! ఎవరు పెద్దది చేశారండి? నుదురంతా వెలుగు కొట్టేసింది. నన్నడిగితే మంచిది ఇచ్చేవాణ్ని కదా!"

మార్కండేయులు గారు ఉద్యోగ జీవితంలో ఎన్నడూ తబ్బిబ్బు పడలేదు. "మీరు చనిపోయినట్టు లిఖితపూర్వకంగా తెలియజేశారు."

"నవ్వలేక చచ్చానండి! మాటవరసకి అంటాం కదా!"

"సంతాప తీర్మానం అయిపోయింది. దాన్ని వెనక్కి తీసుకునే నిబంధన సంస్థలో లేదు."

"అయితే ఇప్పుడు నన్నేం చేయమంటారండి?"

"మీరు చేయవలసిందేమీ లేదు. మా వైపు నుంచి మీ మరణం నమోదు పూర్తయింది."

నాగభూషణం గారు పెసరట్టు వంక చూసుకున్నారు. ఆయన భార్య నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లి, కాసేపటికి నలుగురికీ కాఫీలు పట్టుకొచ్చింది. పోయినాయనకి చక్కెర లేకుండా ఇచ్చింది.

కాఫీ తాగుతూ మార్కండేయులు గారు మిగతా లాంఛనాలు మొదలుపెట్టారు. "నొప్పిలేని వినోద విధానం ప్రకారం మృతుడి చివరి కోరికకు అన్నిటికన్నా పెద్దపీట. దానిపై బతికున్నవారి అభ్యంతరాలు స్వీకరించబడవు. కాబట్టి సదరు వినతి పూర్తి పాఠం చదువుతున్నాను. 'కామయ్య పడ్డ తీరుకి చచ్చిపోయాన్రా నాయనా. మళ్లీ మళ్లీ పడెయ్యండి. ఆ మాంత్రికుణ్ని కూడా పడెయ్యండి. ఆ డప్పు మాత్రం తగ్గించకండి బాబూ.'"

అంతసేపూ కిటికీ పక్కన తలవంచుకుని కూర్చున్న సంపూర్ణ మెల్లగా తలెత్తింది.

"మార్కండేయులు గారూ, బతికున్నవారి అభ్యంతరాలు చెల్లవన్నారు. అది రూలేనాండి?"

"నిస్సందేహంగా రూలే."

"కామయ్య సేనవాళ్లు బతికే ఉన్నారు కదండీ?"

"ఉన్నారు."

"కంబళ్లవాళ్లో?"

"వారూ కోలుకున్నారు."

"అయితే ఈయన చివరి కోరిక ప్రకారం కామయ్య పడాలి. మాంత్రికుడూ పడాలి. డప్పు మోగాలి. అవునాండి, కాదాండి?"

మార్కండేయులు గారు కప్పు కింద పెట్టారు. దండ వంక చూశారు. ఫోటో వంక చూశారు. ఆ ఫోటోలో ఉన్న మనిషి వంక కూడా చూశారు. రూలుకీ తనకీ మధ్య ఎక్కడైనా సందుందేమోనని వెతికారు. లేదు.

"మరి వారు, అనగా మృతులు, దీన్ని ధ్రువీకరిస్తారా?"

"నా ఆఖరి కోరిక అదేనండి!" అన్నారు నాగభూషణం గారు హుషారుగా. "నమ్మకం లేకపోతే ఇంకోసారి చచ్చిపోతాను."

"అవసరం లేదు. ఒకసారి సరిపోతుంది."

తిరుగు ప్రయాణంలో జోయెల్‌కి ఫోన్ చేసి "మొదట చేసింది బయటికి తియ్యరా" అని చెప్పింది సంపూర్ణ. అవతల జోయెల్ ఫోన్ పక్కన పెట్టి 'దభీ' వాయించాడు.

*

ఆట విడుదలైంది. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా కామయ్య బస్సుల్లో పడ్డాడు, క్యాంటీన్లలో పడ్డాడు, బ్యాంకు కౌంటర్ల వెనక పడ్డాడు. కామయ్య సేన మొదటి రోజు కాకినాడలో సోడాకొట్టు ముందు నినాదాలిచ్చింది. సంపూర్ణ మేడ దిగి వచ్చి, సేన నాయకుడి చేతికి ఫోన్ ఇచ్చింది.

"ఒక్కసారి ఆడండన్నా. ఆ తర్వాత నన్ను ఏమన్నా సరే."

మీసం మెలేసిన పెద్దమనిషి ఆయన. ఆడాడు. కామయ్య పడ్డాడు. మళ్లీ ఆడాడు. మళ్లీ పడ్డాడు. నినాదాలు ఆగిపోయాయి, అందరూ ఆయన భుజాల మీంచి తొంగిచూస్తున్నారు. మూడోసారి పడ్డప్పుడు నాయకుడు నాలుక కరుచుకున్నాడు. "ఆయన పడలేదర్రా. నేనే పడేశాను," అని ఫోన్‌ని కళ్లకద్దుకుని, "స్వామీ, తప్పు నాదే" అని మళ్లీ మొదలుపెట్టాడు. సోడాకొట్టతనికి ఆ పూట మంచి బేరం.

కాని చనిపోయినవాడి మాటకే విలువ అన్న సంగతి ఎన్నాళ్లు దాగుతుంది? ముందు కంబళ్లవాళ్లు మూకుమ్మడిగా చచ్చిపోయామని రాశారు. వాళ్ల చివరి కోరిక మాంత్రికుడికి ఒక్క గెలుపు. తర్వాత ఒంగోలులో ఒక పెళ్లివారంతా చచ్చిపోయారు, కామయ్యకి కూడా పెళ్లి చేయమని. ఇంటరు పిల్లలు ప్రతి పరీక్షకీ ముందురోజు చచ్చిపోతూనే ఉన్నారు. సంస్థకి ఒక్కొక్కరిదీ ఒక మరణమే. ఒక్కొక్కరికీ సంతాప తీర్మానం, రెండు నిమిషాల మౌనం. పరిష్కారం సంగతి తర్వాత, ముందు మౌనం పూర్తి కావాలి.

ఆ వానాకాలం సంపూర్ణ రెండో భాగానికి అనుమతి కోసం విజయవాడ వెళ్లింది. ఆఫీసులో అందరూ నిలబడి ఉన్నారు. గుమాస్తాలు నిలబడి ఉన్నారు, టైపిస్టులు నిలబడి ఉన్నారు, టీ తెచ్చిన అతను కెటిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొద్దున తలుపులు తీసినప్పుడు నిలబడ్డవాళ్లు సాయంత్రం తాళం వేసేటప్పుడు కూర్చుంటున్నారట. ఉత్తర్వులు ఇవ్వడానికి ఎవరికీ తీరిక లేదు. సంస్థ ఇంత మౌనంగా ఉండటం, రాష్ట్రంలో వినోదం ఇంత బాగుండటం ఎప్పుడూ లేదని అక్కడివాళ్లే కళ్లతో చెప్పుకుంటున్నారు.

సంపూర్ణ కూడా వెళ్లి విశ్వపతిరావు గారి పక్కన తలవంచుకుని నిలబడింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. చేతులు వెనక కట్టుకున్నారు. ఆ చేతుల్లో ఫోన్ ఉంది. కాసేపటికి ఆయన ఒక కన్ను తెరిచి, పెదవులు కదలకుండా గొణిగారు.

"అమ్మా, ఆటలో ఆ కోటగుమ్మం దగ్గర నాకు ప్రతిసారీ కామయ్య పడిపోతున్నాడు. ఏం లోపం?"

"దరువు కన్నా ముందే వేలు వేసేస్తున్నారేమోనండి. తొందరపడుతున్నారు."

"తొందరా? నేనా?" విశ్వపతిరావు గారు రెండో కన్ను కూడా తెరిచారు. "ముప్ఫై ఏళ్ల సర్వీసులో నన్ను ఆ మాట అన్న మనిషి లేడమ్మా."

ఆ సంతోషం తట్టుకోలేక ఆయన ఇంకో రెండు నిమిషాలు అలాగే నిలబడిపోయారు.